సున్నా దగ్గర ఆగిన పెన్సిలు

మొన్న శనివారం మా మనవరాలు షారోను హాస్టలు నుంచి అవుటింగ్ మీద ఇంటికి వచ్చింది. వచ్చిందే కానీ చెప్పులు విప్పిన దగ్గర నుంచి దాని ముఖంలో నెత్తురు లేదు. అన్నం ముందు కూర్చోబెడితే రెండు ముద్దలు కెలికి లేచింది. గోళ్ళు కొరుక్కుని కొరుక్కుని వేళ్ళ చివర్లు ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి. సోమవారం ఏదో టెస్టు ఉందట, అందులో మార్కులు తగ్గితే సెక్షను మార్చేస్తారట, ఆ సంగతి ఇంట్లో వాళ్ళందరి ఫోన్లకూ మెసేజీగా వచ్చేస్తుందట. నేను పప్పు గిన్నె మీద మూత పెట్టి, వంటింటి గట్టు మీద పిండి కలపడానికి సిద్ధమవుతుంటే అది ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“అమ్మమ్మా, ఈ యాప్ తప్పు చూపిస్తోంది.”

“ఏం తప్పు?”

“అసింప్టోట్‌ని కర్వ్ ఎప్పుడూ టచ్ చెయ్యదు కదా. మా సార్ బాక్సు కట్టి మరీ రాయించారు. ఇదేమో గీతని అడ్డంగా దాటుకుని పోతోంది చూడు. పరీక్షలో ఇదే వస్తే నేనేం గియ్యాలి?”

కళ్ళజోడు సవరించుకుని చూశాను. పైన ఎక్స్, కింద ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఒకటి. ఎడమ వైపు గీతకు కింద లోయలాగా దిగి, మధ్యలో సరిగ్గా సున్నా దగ్గర గీతను దాటి, కుడి వైపు చిన్న గుట్టలాగా లేచి, మళ్ళీ మెల్లగా గీత వైపు వాలిపోతున్న వక్రం. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, ఇలాంటి వక్రాలు ఎన్నో గీశాను. అయినా ఆ ఒక్కదాన్ని చూసినప్పుడు ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది. పిండి గిన్నె ముందు అలాగే నిలబడిపోయాను. నా ముక్కుకు ఎక్కడి నుంచో ఎండుద్రాక్ష ఉడుకుతున్న వాసన వచ్చింది.

నా చిన్నప్పుడు శనివారం సాయంత్రం అంటే మా ఇంటికి ఆ వాసనే. పామర్రు దాటాక కాలవ గట్టు మీద మా ఊరు, ఊరి చివర రేకుల కప్పుతో మా ప్రార్థన మందిరం, దాని పక్కనే మా ఇల్లు. నాన్న సంఘ పెద్ద. పొలం పనులు ముగించుకుని కాలవలో మునిగి వచ్చి, తెల్ల పంచె కట్టుకుని, మర్నాడు ఆరాధనలో అందరూ రొట్టె, రసం పంచుకునే ప్రభువు బల్ల కోసం ద్రాక్షరసం ఆయనే స్వయంగా తయారు చేసేవాడు. ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడికించి, పలచటి గుడ్డలో వడకట్టేవాడు. ఆ పనిలో ఉన్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అమ్మ రొట్టె చేసేది. ఉప్పు లేని, పులియని గోధుమ రొట్టె. ఊక పొయ్యి మీద పెనం పెట్టి, సెగ చూసుకుంటూ, పాట కూనిరాగం తీస్తూ కాల్చేది. దాని మీద ఎక్కడైనా నల్ల మచ్చ పడితే బల్ల మీదకు పనికిరాదని పక్కన పెట్టి ఇంకొకటి చేసేది. ఆ మచ్చ పడ్డ రొట్టె బెల్లంముక్కతో మా పిల్లల పాలు. చెల్లీ నేనూ మచ్చ పడాలని లోలోపల కోరుకునేవాళ్ళం. కానీ అమ్మ చేతిలో రొట్టె మాడడం చాలా అరుదు.

నాన్నకు ఒక అలవాటు ఉండేది. తెల్లవారుజామున కుటుంబ ప్రార్థనలో మాలో ఎవరు ఏ మాట అన్నా, “ఎక్కడుంది?” అని అడిగేవాడు. దేవుడికి అబద్ధమంటే ఇష్టముండదు అని చెల్లి అంటే, “ఎక్కడుంది?” అమ్మ ఏదైనా హెచ్చరిక చెప్పినా, “ఎక్కడుంది?” అధ్యాయం చెప్పాలి, వచనం తీసి చదవాలి. మా సంఘంలో అదే పద్ధతి. పెద్ద ఊళ్ళ నుంచి వచ్చిన బోధకుణ్ణి కూడా ముసుగేసుకున్న ముసలమ్మ ఒకతి లేచి, “అయ్యగారూ, ఆ మాట ఎక్కడుందండీ?” అని అడగవచ్చు. ఎవరూ తప్పు పట్టేవారు కాదు. మనిషి చెప్పాడు కదా అని ఏదీ నమ్మకూడదు, బైబిలు వాక్యంలో ఉంటేనే నమ్మాలి అనేది నాన్న పట్టుదల. ఆ వెతకడంలో ఇంట్లో నా చెయ్యే చురుకు. నాన్న ముఖం మీద నవ్వు చూడాలంటే నాకు తెలిసిన దారి అదొక్కటే.

ఇంటర్ చదవడానికి నన్ను బెజవాడలో మా పిన్ని ఇంట్లో ఉంచారు. ఈ అసింప్టోట్‌నే అప్పటిదాకా తెలుగు మీడియంలో అనంత స్పర్శరేఖ అని చదువుకున్నదాన్ని, అక్కడ ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడ్డాను. కాలేజీలో లెక్కల లెక్చరరు గారు గోడకేసి చూస్తూ నోట్సు చెప్పుకుంటూ పోయేవారు. ఒకరోజు ఒకటి బై ఎక్స్ గ్రాఫు గీసి, సుద్దముక్కను బోర్డు చివరిదాకా లాక్కుంటూ పోయి, “చూశారా, ఈ వక్రం గీత దగ్గరకు వస్తుంది, ఇంకా దగ్గరకు వస్తుంది, ఎంత దూరం పోయినా దగ్గరవుతూనే ఉంటుంది. కానీ ఎప్పటికీ తాకదు” అన్నారు. క్లాసంతా రాసుకుంది. నేనూ రాసుకున్నాను. ఆ వక్రానికి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆ చివరి మాటను మాత్రం రెండుసార్లు రాసుకున్నాను.

ఎందుకంటే అంతకు ముందు నుంచే నా లోపల ఒక దిగులు తిరుగుతోంది. బాప్తిస్మం తీసుకున్నాను. సంఘం ముందు సాక్ష్యం చెప్పాను. ప్రార్థన మానలేదు. అయినా పట్నంలో ఒంటరిగా మోకాళ్ళ మీద ఉన్నప్పుడు, నేను ప్రభువుకు దగ్గరవుతున్నానే కానీ ఇంకా చేరలేదేమో అనిపించేది. ప్రతిరోజూ కొంచెం దగ్గర, ప్రతిరోజూ ఇంకా కొంచెం దూరం మిగిలే ఉంది. ఆ దిగులుకు ఆ రోజు బోర్డు మీద ఒక బొమ్మ దొరికింది. ఎప్పటికీ తాకదు. ఆ మాట సిటీ బస్సులో నాతో వచ్చేది, పిన్ని ఇంట్లో బియ్యం ఏరుతుంటే వచ్చేది, నిద్ర లేచేసరికి నాకంటే ముందే లేచి కూర్చునేది.

ఆ వారం ఊరికి వెళ్ళినప్పుడు రొట్టె పళ్ళెం ఆడవాళ్ళ వైపు చాపల మీదుగా నా దగ్గరకు వచ్చింది. అయోగ్యంగా తినేవాళ్ళకు అది దేవుడి తీర్పు అవుతుందని చిన్నప్పటి నుంచీ వింటున్నదాన్ని. చెయ్యి లేవలేదు. పళ్ళెం పక్కకు అందించాను. మా సంఘంలో పళ్ళెం వదిలేయడమంటే నలుగురికీ చెప్పినట్టే. ఏదో దాచిన పాపం ఉంటే తప్ప ఎవరూ వదలరు. తర్వాతి వారమూ వదిలాను. ఆ తర్వాతా అంతే. ఒకసారి వదిలాక మళ్ళీ తీసుకోవడానికి కారణం కావాలి, నాకు ఏ కారణమూ దొరకలేదు.

మందిరం బయట చెప్పుల దగ్గర సుగుణమ్మత్త అమ్మతో అన్న మాట నా చెవిన పడింది. “ఏంటొదినా, మీ పిల్ల బల్ల తీసుకోట్లేదు? పట్నం గాలి గానీ తగిలిందా ఏంటి?”

“పరీక్షల బెంగ వదినా,” అంది అమ్మ.

“పరీక్షలకీ ప్రభువుకీ ఏంటమ్మా సంబంధం! నాకెందుకులే, పెద్దగారి పిల్ల కాబట్టి అడిగా.”

అమ్మ చెప్పులేసుకుని నడిచింది. నాన్న నన్ను ఏమీ అడగలేదు. అన్నిటికీ “ఎక్కడుంది?” అని అడిగే మనిషి దీని గురించి ఒక్క మాట అడగకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. కూతురు వదిలిన పళ్ళేన్ని చివర్లో తన చేతుల్లోకే తీసుకోవాలి ఆయన. తల వంచుకుని తీసుకునేవాడు.

అప్పుడే అమ్మ గొంతులో గడ్డ సంగతి బయటపడింది. చాలాకాలంగా మెడ చుట్టూ పైట ఎందుకు కప్పుకుంటోందో మాకెవరికీ తోచలేదు. బెజవాడలో డాక్టరు గారు చూసి ఆపరేషను చెయ్యాలన్నారు. మత్తు ఇస్తే తట్టుకుంటుందో లేదో, తట్టుకున్నా గొంతు మిగులుతుందో లేదో చెప్పలేమన్నారు. ఆడవాళ్ళ వైపు పాట ఎత్తుకునేది అమ్మే. ఆమె గొంతు లేకుండా మా మందిరంలో ఆదివారం ఎలా ఉంటుందో నేను ఊహించుకోలేకపోయాను. ఆమే లేకపోవడం గురించి అసలు ఆలోచనే దగ్గరకు రానివ్వలేదు. ఆపరేషను మంగళవారం. డాక్టరు గారి దగ్గర నుంచి పిన్ని ఇంటికి వచ్చిన రోజు అమ్మ నా జడ అల్లుతూ వెనక నుంచి అంది. “ఏ తప్పు చేశావని నేను అడగనే. ఈ ఆదివారం నా పక్కన కూర్చుని బల్ల తీసుకో. లోపలికెళ్ళే ముందు అదొక్కటి చూడాలని ఉంది.”

తల ఊపాను. జడ అమ్మ చేతిలో ఉంది కాబట్టి ఆ ఊపు ఆమెకు తెలిసే ఉంటుంది. కానీ ఊపినంత మాత్రాన చెయ్యి లేస్తుందా? తీసుకుంటే తీర్పు మెడకు చుట్టుకుంటుంది, నాకు కాక అమ్మకు తగిలితే? తీసుకోకపోతే ఆమె ఆ కోరిక తీరకుండానే ఆపరేషనుకు వెళ్తుంది. ఆ వారమంతా నేను తిన్న అన్నం ఎటు పోయిందో నాకు తెలియదు.

శనివారం పొద్దున వన్‌టౌన్‌లో కరీముల్లా మాస్టారి దగ్గర ట్యూషను ఉండేది. బట్టల కొట్టు పైన చిన్న గది, మెట్ల దాకా కొత్త బట్టల గంజి వాసన. మాస్టారు అత్తరు రాసుకుని, తెల్ల టోపీ పెట్టుకుని, పిల్లల మధ్య చాప మీదే కూర్చునేవారు. బోర్డు లేదు. ఎవరి గ్రాఫు కాగితం వాళ్ళ ఒళ్ళోకి తీసుకుని చూసేవారు. ఆ రోజు ఈ వక్రమే ఇచ్చారు. కింద ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఒకటి ఎప్పుడూ సున్నా కాదు, కాబట్టి నిలువు గీత లేదు. పైన ఉన్నదానికంటే కింద ఉన్నది పెద్ద ఘాతం, కాబట్టి దూరం పోయేకొద్దీ వక్రం అడ్డగీతకు, అంటే సున్నాకు, దగ్గరవుతుంది. అంతవరకూ సరిగ్గానే చేశాను. ఒకటి దగ్గర అర. మైనస్ ఒకటి దగ్గర మైనస్ అర. చుక్కలు పెట్టాను. కుడి ముక్క గీతకు పైన గీశాను, ఎడమ ముక్క గీతకు కింద గీశాను. రెండూ సున్నా వైపు వస్తున్నాయి. అక్కడికి వచ్చేసరికి నా పెన్సిలు ఆగిపోయింది. కుడి ముక్కను గీతకు వెంట్రుకవాసి పైన ఆపేశాను. ఎడమ ముక్కను వెంట్రుకవాసి కింద ఆపేశాను. మధ్యలో కాగితం తెల్లగా ఉండిపోయింది.

మాస్టారు కాగితం తీసుకుని వేలు అక్కడ పెట్టారు. “ఇదేంటమ్మాయ్, నడిచే బండికి ఇరుసు ఊడదీశావు?”

పిల్లలు నవ్వారు.

“తాకకూడదు కదండీ,” అన్నాను.

“ఎవరు తాకకూడదు?”

“వక్రం అండీ. అసింప్టోట్‌ని.”

“తాకకూడదని ఎవరు చెప్పారు నీకు? ఎక్కడుంది?”

ఆ మాట ఆయన నోట వినేసరికి తల ఎత్తి ఆయన ముఖంలోకి చూశాను. మా ఇంటి మాట అది.

“కాలేజీలో చెప్పారండీ. ఎప్పటికీ తాకదని.”

“ఒకటి బై ఎక్స్ గురించి చెప్పుంటారు. దానికది నిజమే. దీనికి నువ్వెందుకు తగిలించావు? ఎక్స్ స్థానంలో సున్నా వెయ్యి. ఎంతొచ్చింది?”

“సున్నా అండీ.”

“హారం అక్కడ సున్నా అయిందా?”

“లేదండీ. ఒకటి.”

“మరి వక్రం తెగడానికి కారణమేది? ఆ గీత దూరానికి పోయినప్పుడు వక్రం ఎటు చేరుతుందో చెబుతుంది, అంతే. మధ్యలో తాకొద్దని, దాటొద్దని అదెక్కడా చెప్పలేదు. సగం విని సగం వదిలేశావు నువ్వు. ఆ రెండు ముక్కలూ కలుపు.”

పెన్సిలు పట్టుకున్నాను. ఎడమ నుంచి లాక్కుంటూ వచ్చి, సున్నా మీదుగా, గీతను దాటి, కుడివైపుకు కలిపాను. ఏమీ కాలేదు. వక్రం దాని దారిన అది గుట్ట ఎక్కి దిగి గీత వైపు పోయింది. మాస్టారు ఎర్ర సిరాతో టిక్కు పెట్టి పక్క పిల్లవాడి కాగితం అందుకున్నారు.

మధ్యాహ్నం బందరు బస్సెక్కాను. కంకిపాడు దాటింది. ఉయ్యూరు దగ్గర చెరుకు మడ్డి వాసన బస్సులోకి కొట్టింది. నా మనసు మాత్రం “సగం విని సగం వదిలేశావు” అన్న దగ్గరే ఉండిపోయింది. లెక్క నుంచి ప్రభువు గురించి ఏదో తెలిసిందని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనను. గ్రాఫు కాగితం వాక్యం కాదు. కానీ ఎవరో అన్న ఒక మాటను దానిది కాని చోట తగిలించుకుని నేను ఎన్ని నెలలుగా వణుకుతున్నానో అప్పుడు కనిపించింది. ఇంట్లో ప్రతి మాటకూ వచనం వెతికినదాన్ని, నా భయానికి మాత్రం వచనం వెతకలేదు. బల్ల గురించి అపొస్తలుడు రాసిన భాగం నాకు నోటికి వచ్చు. సీటు కమ్మీ పట్టుకుని లోలోపల దాన్ని మొదటి నుంచి చెప్పుకున్నాను. ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలని ఉంది. నేనెప్పుడూ అక్కడే ఆగేదాన్ని. ఆ వాక్యం అక్కడ ఆగదు. పరీక్షించుకుని అప్పుడు ఆ రొట్టె తినాలని ఉంది. పరీక్షించుకుని దూరంగా కూర్చోమని లేదు.

అయినా నమ్మబుద్ధి కాలేదు. నాకు అనుకూలంగా చదువుకుంటున్నానేమో అని ఇంకో భయం పట్టుకుంది. ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అమ్మ అప్పటికే రొట్టె చేసి గుడ్డలో చుట్టేసి, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది. నాన్న వసారాలో ద్రాక్షరసం వడకడుతున్నాడు. ఆ పనిలో ఉన్నప్పుడు ఆయనతో మాట్లాడకూడదని తెలిసీ ఎదురుగా కూర్చున్నాను.

“నాన్నా, తినకుండా ఉండమని ఎక్కడుంది?”

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. ఎర్రటి చుక్కలు ఒక్కొక్కటే గిన్నెలో పడుతున్నాయి. గ్రంథం పక్కనే ఉంది. తీస్తాడనుకున్నాను. వచనం చూపించకుండా ఆయన జవాబు చెప్పడం నేను ఎన్నడూ ఎరగను. తియ్యలేదు.

“లేదమ్మా,” అన్నాడు. “ఎక్కడా లేదు.” గుడ్డ గిన్నె అంచున పెట్టి, “ఈ మాట నేనే నిన్ను అడగాల్సింది. నువ్వేం చెబుతావో అని భయమేసి అడగలేదు,” అన్నాడు. తర్వాత గుడ్డ పిండడం మొదలుపెట్టాడు.

మర్నాడు తెల్లచీర కట్టుకుని, ముసుగు వేసుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. ఆ రోజు పాట ఆమే ఎత్తుకుంది. రెండో చరణంలో గొంతు పట్టేస్తే సుగుణమ్మత్త అందుకుని లాగింది. నాన్న ప్రార్థన చేసి రొట్టె విరిచాడు. పళ్ళెం చాపల మీదుగా రావడం మొదలైంది. ఒక్కొక్క తెల్ల ముసుగూ వంగుతోంది, లేస్తోంది. నా భయం పోతుందని, ధైర్యం వస్తుందని ఆశపడ్డాను. అది రాలేదు. పళ్ళెం వచ్చింది. పక్కన అమ్మ నా వైపు చూడకుండా ఎదురుగా గోడనే చూస్తోంది. చెయ్యి చాపాను. ముక్క తీసుకున్నాను. నోట్లో పెట్టుకున్నాను.

చేదుగా, మాడు వాసన తగిలింది.

అమ్మ రొట్టె మాడింది. మాడిన రొట్టెను పక్కన పెట్టి ఇంకొకటి చేసే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది. ఆమె ధైర్యంగా ఉందని, భయం నా ఒక్కదానిదేనని అప్పటిదాకా అనుకున్నాను. పళ్ళెం ముందుకు వెళ్ళాక అమ్మ పెదవులు కదపకుండా, నాకు మాత్రమే వినిపించేలా అడిగింది.

“మాడిందా?”

“ఊఁ.”

“చెయ్యి వణికిందే.”

“నాక్కూడా అమ్మా.”

ముసుగు కింద నుంచి ఆమె చెయ్యి వచ్చి నా వేళ్ళను పట్టుకుంది. ఆరాధన అయిపోయేదాకా వదల్లేదు.

మంగళవారం ప్రభువు కృప వల్ల అమ్మ బతికి బయటపడింది. గొంతు మాత్రం మునుపటిలా తిరిగి రాలేదు. పొడి ఆకులు నలిగినట్టు ఉండేది. పాట ఎత్తుకోవడం సుగుణమ్మత్తకు వదిలేసింది, రొట్టె మాత్రం వదల్లేదు. తర్వాత చాలా ఏళ్ళు ఆమే చేసింది. ఒక్క మార్పు. నల్ల మచ్చ పడ్డ రొట్టెను పక్కన పెట్టడం మానేసింది. చెల్లి ఒకసారి అడిగితే, “అదే చాలు, విరగ్గొట్టేదే కదా,” అంది.

ఇప్పుడు మా బెజవాడ సంఘంలో బల్ల రొట్టెకు బదులు తెల్లటి బిళ్ళలు ప్యాకెట్లలో వస్తాయి. చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో రసం. అందరికీ ఒకే కొలత, ఒకే రుచి, దేనికీ మచ్చ ఉండదు. తప్పు అనను, జనం ఎక్కువ. మా వీధి ప్రార్థన కూడికలో బల్లకు మాత్రం రొట్టె ఇప్పటికీ నేనే చేస్తాను, ఈ పిండీ అందుకే. అప్పుడు నేను పళ్ళెం వదిలితే మందిరమంతా చూసింది, నోళ్ళు నొక్కుకుంది, మా అమ్మ జడ అల్లుతూ బతిమాలింది. ఈ పిల్ల భయాన్ని చూసేదెవరు? ఫోనులో అంకెగా వస్తుంది. ఇంట్లో అందరూ ఆ అంకెనే చూస్తారు. పిల్ల గోళ్ళు ఎవరికీ కనిపించవు.

“యాప్ తప్పు కాదే,” అన్నాను. “ఎక్స్ స్థానంలో సున్నా వేసి చూడు.”

అది పెదవులతోనే లెక్క కట్టుకుంది. “సున్నానే. మరి సార్ ఎప్పుడూ టచ్ అవ్వదని...”

“ఎక్కడుంది? ఏ వక్రానికి చెప్పారో పుస్తకంలో చూడు.”

దానికి ఈ కథంతా అప్పుడే చెప్పాను, పిండి కలుపుతూ. అది వంటింటి గడప మీద కూర్చుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని విన్నది. అంతా అయ్యాక అడిగింది.

“అయితే ఆ రోజు నీకు భయం పోయిందా అమ్మమ్మా?”

“లేదే. భయం ఉండగానే తీసుకున్నాను.”

అది కంచంలో వదిలేసిన అన్నం వైపు ఒకసారి చూసింది. నేను దాన్నే చూస్తూ పెనం సంగతి మరిచిపోయాను. పొగ వాసన వచ్చేసరికి ఇద్దరం ఒకేసారి తిరిగాం. రొట్టె మీద రూపాయి బిళ్ళంత నల్ల మచ్చ.

“అయ్యో, మాడిపోయింది. ఇంకోటి చేస్తావా?”

“వద్దు,” అన్నాను గుడ్డ పరుస్తూ. “రేపు ఇదే పట్టుకెళ్దాం.”